మనదాకా వస్తే చట్టం, మనమీదికొస్తే దుర్వినియోగం

2017 ఫిబ్రవరి 22 రాత్రి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేతా పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపిన మనిషికి ఆయనతో ఏ తగాదా లేదు. ఏ దేశంవాడో కూడా సరిగా తెలియదు, ఇరానీ అనుకున్నాడు. వీసా సంగతి అడిగి, మా దేశం వదిలి పొమ్మని అరిచి, బయటికెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. పక్కనున్న మిత్రుడు అలోక్ మాడసాని, అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే అమెరికన్ గాయాలతో బయటపడ్డారు. ఆ వారమంతా మన టీవీలూ పత్రికలూ సంఘాలూ ఒకే గొంతుతో మాట్లాడాయి. ఇది మామూలు హత్య కాదు, జాతి విద్వేషంతో చేసిన నేరం, దాన్ని అలాగే చూడాలి అన్నాం. న్యాయమైన మాటే అన్నాం. 2018లో రాష్ట్ర కోర్టు ఆ హంతకుడికి యావజ్జీవం వేసింది. ఫెడరల్ కోర్టు విద్వేష నేరం కింద మళ్లీ యావజ్జీవం వేసింది.

ఒక హత్యకు రెండోసారి శిక్ష ఎందుకని మనలో ఒక్కరూ అడగలేదు. చనిపోయింది ఒక్కడే అయినా ఆ రాత్రి నుంచి భయపడింది అలాంటి ముఖం, అలాంటి పేరు ఉన్న వాళ్లందరూ కాబట్టి ఆ భయానికి కూడా చట్టం లెక్క చెప్పాలని మనకు ఏ వకీలూ విడమర్చకుండానే తెలిసిపోయింది.

ఆరేళ్లు తిరక్కముందే పరీక్ష ఎదురైంది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి తన వివక్ష నిరోధక చట్టంలో కులాన్ని చేర్చింది. అమెరికాలో ఒక నగరం ఆ పని చేయడం అదే మొదలు. తర్వాత కాలిఫోర్నియా సెనెటర్ ఆయిషా వహాబ్ రాష్ట్రమంతటికీ అలాంటి రక్షణ ఇచ్చే ఎస్‌బీ 403 బిల్లు తెచ్చారు. ఉద్యోగంలో, ఇంటి అద్దెలో, బడిలో కులం పేరుతో వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం. మనం ఏం చేశాం? మనలో చాలామందిమి ఆ బిల్లును ఆపమని సంతకాలు పెట్టాం, ప్రతినిధుల ఆఫీసులకు ఫోన్లు చేశాం, వాట్సాప్ గ్రూపుల్లో ఒకరినొకరు ఎగదోసుకున్నాం. ఇక్కడ కులమెక్కడుందని అడిగాం. ఉందని చెప్పినవాళ్లను దేశద్రోహులన్నాం. ఆ వ్యతిరేకత ఒక్క తెలుగువాళ్లది కాదు, నిజమే. అందులో మన గొంతు లేదని మాత్రం గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం.

ఇక్కడ 'మనం' అంటే ఎవరో తేల్చుకోకుండా ముందుకు పోకూడదు. తెలుగు మాట్లాడే అందరినీ ఇందులో కలిపేస్తే అది ఇంకో మోసం. ఊరి బావి దగ్గర ఎవరూ ఆపని కులాల్లో పుట్టి, చదువుకుని, ఉద్యోగాల్లో, పత్రికల్లో, కోర్టుల్లో, పోలీసు శాఖలో, విదేశీ కొలువుల్లో కుదురుకున్నవాళ్లం మనం. దాడి చేసిన గుంపులో మనం లేకపోవచ్చు. ఆ గుంపు బంధువులం, క్లాసుమేట్లం, వాళ్ల తరఫు లాయర్లం, వాళ్ల గురించి వార్త రాసే విలేకరులం. ఈ నేరారోపణ వాళ్ల మీద కంటే ముందు మన మీద.

సిగ్గుపడాల్సిన మొదటి సంగతి ఏమిటంటే, కులద్వేషంతో చేసే దాడుల మీద ఈ దేశంలో ఉన్న అన్నిటికన్నా గట్టి చట్టానికి పురుడు పోసింది మన నేలే. మన నేల అంటే మన మంచితనం అని కాదు, మన దుర్మార్గం. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర పెద్దకులం వాళ్లు గేదెల కుడితి బకెట్ కడగడం తప్పని ఒక దళిత కుర్రాడు అన్నాడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త నీళ్ల బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరం పెట్టుకున్నారు. ఆ శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలిచి నడిపిన దళిత మహాసభ పుట్టింది. తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని వాళ్ల పక్షాన నిలబడ్డారు. అంతవరకూ అస్పృశ్యత మీద ఉన్నది 1955 నాటి చట్టం. 1976లో దానికి పౌర హక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. గుడిలోకి రానివ్వకపోవడం, బావి దగ్గర ఆపడం లాంటివాటికి అది సరిపోయేదేమో గాని, ఊరు మొత్తం కలిసి పల్లె మీద పడి నరికితే దాని చేతిలో ఏమీ లేదు. కారంచేడు లాంటి ఊచకోతలు, వాటి మీద లేచిన ఉద్యమాల ఒత్తిడి కలిసి 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని రప్పించాయి. దాని రూపకల్పనలో పాలుపంచుకున్న పి.ఎస్. కృష్ణన్ ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. దళితవాడల్లో బస చేసి పని చేసిన మనిషి ఆయన.

ఆ చట్టం 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడాదే దాన్ని ఎలా చూడబోతున్నామో చెప్పేశాం. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలవల్లో, తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. నష్టపరిహారంతో సరిపెట్టుకోమంటే ఆ ఊరి దళితులు ఒప్పుకోలేదు. మా ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలన్నారు, ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. కారంచేడు కేసు 23 ఏళ్లు నడిచి 2008లో సుప్రీంకోర్టు దగ్గర ముగిసింది. ఆ మధ్యకాలంలో మన పిల్లలు ఇంజినీరింగ్ చదివి, విమానమెక్కి, అక్కడ ఇళ్లు కొనుక్కుని, వాళ్ల పిల్లలకు కూచిపూడి అరంగేట్రాలు కూడా చేయించారు.

చట్టంలోని సెక్షన్లు చదివితే అవి మన దినచర్య జాబితాలా ఉంటాయి. 1989 చట్టానికి 2015లో పార్లమెంటు పెద్ద సవరణ చేసింది, 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. చెప్పుల దండ వేయడం, గుండు గీయించడం, మీసం తీయించడం, సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ, నలుగురి ముందు కులం పేరెత్తి తిట్టడం, చేతులతో మలం ఎత్తించడం, జోగినిగా మార్చడం అని విడివిడిగా పేర్లు పెట్టి రాశారు. కేసులు వినడానికి ప్రత్యేక కోర్టులు, అభియోగపత్రానికి 60 రోజుల గడువు, బాధితులకూ సాక్షులకూ ఉండే హక్కులపై విడిగా ఒక అధ్యాయం కూడా చేర్చారు. ఇంత వివరంగా ఎందుకు రాయాల్సి వచ్చింది? ఏ పేరు రాయకపోతే ఆ సందులోంచి జారిపోవడం మనకు అలవాటైపోయింది కాబట్టి.

గుండు గీయించడం సంగతే చూడండి. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి, ఇద్దరికి గుండ్లు గీయించారు. ఆ కేసులో తీర్పు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. పడిన శిక్ష 18 నెలలు. ఈ రెండు తేదీల నడుమ ఇరవై ఏడేళ్లకు పైగా వాయిదాలే. ఆ వాయిదాలు నడుస్తుండగానే పార్లమెంటు గుండు గీయించడాన్ని ప్రత్యేక నేరంగా రాసింది. అది రాసిన ఐదేళ్లకు, 2020 జూలైలో, అదే జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్‌లోనే ఒక దళిత యువకుడికి గుండు గీశారు. చట్టం కొత్త మాట నేర్చుకుంది, స్టేషన్ పాత పనే చేసింది.

బహిష్కరణ సంగతీ అంతే. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకుంటామన్న పాపానికి దళితులను వెలివేశారు. పొలం పనులకు పిలవడం మానేశారు, కౌలు భూములు లాక్కున్నారు. కొత్త సవరణ అలాంటిదాని కోసమే ఉంది. ఆ ఊరి చుట్టుపక్కల డాక్టర్లం, లెక్చరర్లం, కాంట్రాక్టర్లం, పార్టీ నాయకులం ఎందరమో ఉన్నాం. అందరం కలిసి కనిపెట్టిన మాట ఒకటే: రెండువైపులా సర్దుకుపోవాలి. పని పోయినవాడూ పని ఆపినవాడూ సమానంగా సర్దుకోవాలట.

ఈ 'రెండువైపులా' అన్న మాట కాపీరైటు నిజానికి మన పత్రికా రంగానిది. పల్లె మీద దాడి జరిగితే ఇరువర్గాల ఘర్షణ అని శీర్షిక పెట్టాం. కులం పేరుతో తిట్టి కొడితే పాత కక్షలు అన్నాం. వెలి వేస్తే గ్రామంలో ఉద్రిక్తత అన్నాం. దాడి చేసినవాళ్ల కులం రాస్తే ఉద్రిక్తత పెరుగుతుందని విలేకరికి చెప్పి, అదే రోజు ఎన్నికల పేజీలో నియోజకవర్గాల వారీగా కులాల లెక్కలు అంకెలతో సహా అచ్చేశాం. నేరం వెనక ఉన్న ద్వేషాన్ని రుజువు చేయడమే ఇలాంటి చట్టాల్లో అన్నిటికన్నా కష్టమైన పని. ఆ ద్వేషాన్ని మొదటి రోజే వార్తలోంచి తుడిచేసింది మనం.

ఆ కష్టం ఎంతటిదో చెప్పే తీర్పు కూడా మన రాష్ట్రం నుంచే వెళ్లింది. పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతి మీద జరిగిన అత్యాచారం కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిందితుడికి అత్యాచార నేరం కింద పడిన యావజ్జీవాన్ని నిలబెట్టింది, అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. ఘటన జరిగిన నాటికి ఉన్న పాత సెక్షన్ ప్రకారం, ఆమె దళితురాలు కాబట్టే ఈ నేరం చేశాడని విడిగా రుజువు కావాలి. ఆ రుజువు లేదని కోర్టు చెప్పింది. ఆడమనిషి, చూపులేని మనిషి, దళిత మనిషి అన్నవి ఒకే ఒంట్లో కలిసినప్పుడు నేరం ఎందుకు జరిగిందో విడదీసి చూపమనడం ఎంత అసాధ్యమో జస్టిస్ చంద్రచూడ్ అదే తీర్పులో వివరంగా రాశారు. 2015 సవరణ ఆ అవసరాన్ని తగ్గించింది. బాధితులు ఎస్సీ, ఎస్టీ అని తెలిసి చేస్తే చాలంది. అంటే చట్టం తన లోపం తెలుసుకుని మారింది. మనమింకా పాత సెక్షన్‌లోనే బతుకుతున్నాం. ఎవరైనా కులవివక్ష అనగానే మన నోట మొదట వచ్చే ప్రశ్న అదే: కులం వల్లే అని రుజువేంటి?

ఇప్పుడు దుర్వినియోగం మాట. మన సంభాషణల్లో ఈ చట్టం పేరు వచ్చిన ప్రతిసారీ వెంట ఆ మాట తోకలా వస్తుంది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో, ఫిర్యాదు రాగానే అరెస్టు కూడదు, ముందు ప్రాథమిక విచారణ జరపాలి, అరెస్టుకు పైఅధికారి అనుమతి ఉండాలి అని ఆదేశించింది. మన ఆఫీసుల్లో ఆ రోజు పండగ వాతావరణం. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు వీధుల్లోకి వచ్చారు, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి చట్టానికి పూర్వపు బలం ఇచ్చింది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టే ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. ఈ తర్వాతి కథ మనలో ఎందరికి తెలుసు? మొదటి తీర్పు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

దొంగ కేసులు అసలు లేవా? ఉన్నాయి. సివిల్ తగాదాని క్రిమినల్ కేసుగా మార్చడం మనకు వెన్నతో పెట్టిన విద్య. దొంగ చెక్కు కేసులున్నాయి, దొంగ భూకబ్జా కేసులున్నాయి. వాటి కోసం శిక్షాస్మృతినే పక్కన పెట్టమని ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. పైగా ఊరి రాజకీయం తెలిసిన ఎవరినైనా అడగండి. ఇద్దరు పెద్దకులాల ఆసాములకు పోటీ వస్తే ఒకరు తన దగ్గర పనిచేసే దళితుడితో రెండోవాడి మీద ఎట్రాసిటీ కేసు పెట్టించడం తెలియని సంగతా? ఆ కేసులో ఫిర్యాదు చేసిన చెయ్యి దళితుడిది, రాయించిన చెయ్యి మనది. తర్వాత అదే కేసును చూపించి చట్టం చెడ్డదన్నదీ మనమే.

ఇక వీగిపోయిన కేసులన్నీ దొంగ కేసులేనన్న లెక్క ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం ఈ చట్టం కింద శిక్షపడే రేటు 2020లో 39.2 శాతం, 2022లో 32.4 శాతం. ఆ అంకె బాధితుల అబద్ధానికి కొలమానమని మనం చదువుకున్నాం. దాన్ని మన సాక్ష్యానికి కొలమానంగా చదవొచ్చు కదా. ఫిర్యాదు తీసుకోవడానికి వారం, కుల ధ్రువీకరణ పత్రానికి నెలలు, ఈలోగా బాధితుడి మీద కౌంటర్ కేసు. ఆ పైన పెద్దమనుషుల రాజీ ప్రయత్నం, రాజీకి ఒప్పుకోకపోతే పాలూ పనీ బంద్. విచారణకు వచ్చేసరికి అంగడి ముందు నిలబడి అంతా చూసిన మనవాడు నాకేం తెలియదండీ అంటాడు. బంధుత్వం, బాకీ, పక్కపక్క పొలం గట్టు అడ్డొస్తాయి. కేసు వీగిపోతుంది. సాయంత్రం కాఫీ దగ్గర మనమే అంటాం: చూశారా, దొంగ కేసు. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అని ఇదే చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. దాని కింద జైలుకెళ్లిన అధికారి పేరు ఒక్కటి చెప్పమంటే మనలో ఎంతమందికి నోరు పెగులుతుంది?

చట్టం చేయి అందని చోట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ మనం మరీ హాయిగా ఉన్నాం. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఇల్లు అద్దెకడిగినవాణ్ని ఏమీ అనుకోవద్దంటూనే మీరేమిట్లు అని అడుగుతాం. పేరు ముస్లింది అయితే ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు, ఇల్లు నిన్ననే కుదిరిపోయి ఉంటుంది. ఇంటర్వ్యూలో ఇంటిపేరు తిరగేసి ఊరి పేరు, ఊరి పేరు తిరగేసి వీధి పేరు రాబడతాం. కాలేజీ హాస్టల్లో ర్యాంకు ఎంతని అడిగితే సరిపోతుంది, మిగతాది అవతలి కుర్రాడికి అర్థమవుతుంది. ప్రైవేటు ఉద్యోగంలో, అద్దె ఇంట్లో జరిగే వివక్షను నేరుగా అడ్డుకునే సమగ్ర చట్టం ఈ దేశంలో ఇప్పటికీ లేదు. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. 2017లో శశి థరూర్ వివక్ష నిరోధక బిల్లును ప్రైవేటు బిల్లుగా లోక్‌సభలో పెట్టారు, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. ఆ బిల్లు గురించి మన పత్రికల్లో ఎన్ని సంపాదకీయాలు వచ్చాయో వెతికితే మన ఆసక్తి ఎంతో తెలుస్తుంది.

విశ్వవిద్యాలయాల్లో వివక్ష మీద యూజీసీ 2012లోనే నిబంధనలు చేసింది. అవి కాగితం మీద ఉండగానే 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. హాస్టల్ నుంచి గెంటేస్తే ఆరుబయట వెలివాడ అని పేరు పెట్టుకున్న గుడారంలో పడుకున్న ఐదుగురిలో ఒకడు. అతను ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నను మనం ఎంత త్వరగా అతను ఎస్సీయా కాదా అన్న ప్రశ్నగా మార్చామో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత 2024 మేలో తెలంగాణ పోలీసులు కోర్టుకిచ్చిన నివేదిక కూడా అతను ఎస్సీ కాదనే చెప్పింది. నిరసన వచ్చాక మళ్లీ దర్యాప్తు అన్నారు. ఒక తల్లి కొడుకును పోగొట్టుకుని వస్తే మనం ఆమె కుల ధ్రువీకరణ పత్రం అడిగాం.

పత్రం లేకపోతే రక్షణే లేనివాళ్లూ ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు చట్టం దృష్టిలో ఎస్సీ కాడు. ఆ లెక్కన 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసును కొట్టేసింది. కోర్టు ఉన్న చట్టాన్ని చదివింది. కులం పేరుతో తిట్టినవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి ఆగడు కదా. కోస్తాలో పల్లె పల్లెకూ ఒక చర్చి ఉన్న సంగతి మనకు తెలుసు, అయినా ఊరు వాళ్లను పిలిచే పేరు మారలేదనీ తెలుసు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని 2023 మార్చిలో ఏపీ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. పంపిన తర్వాత దాని ఊసు ఎవరం ఎత్తలేదు.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్య కళ్లముందు దళిత యువకుడు ప్రణయ్‌ని కిరాయి మనిషి నరికినప్పుడు మనలో ఒక వర్గం కన్నీళ్లు ఎవరి కోసం కార్చిందో గుర్తు తెచ్చుకోవాలి. ఆ హత్య చేయించిన అమ్మాయి తండ్రిది కడుపుకోత అంటూ సోషల్ మీడియాలో కథలు అల్లాం. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పరువు పేరుతో చేసే హత్యలకు విడిగా చట్టం కావాలన్న డిమాండ్ మాత్రం ఇప్పటికీ దళిత సంఘాల గొంతులోనే ఉంది. కారంచేడు తర్వాత వచ్చిన దళిత సాహిత్యానికి సభల్లో చప్పట్లు కొట్టాం, అవార్డులిచ్చాం, పాఠ్యాంశం చేశాం. కవిత్వంగా ఎంత మెచ్చుకున్నామో, ఫిర్యాదుగా అంత వినలేదు.

ఇంత మూట నెత్తిన పెట్టుకుని అమెరికా వెళ్లినవాళ్లం అక్కడ కులం లేదని ఎలా అన్నాం? తెలుగు సంఘాలు ఒకటి రెండై, రెండు నాలుగైనప్పుడు చీలిక గీత ఏ దారిన పోయిందో తానా, ఆటా సభలకు వెళ్లే ఎవరిని అడిగినా చెబుతారు. ఎన్నికల సీజనులో ఇక్కడి పార్టీల కోసం అక్కడ తీసే కార్ల ర్యాలీలు ఏ లెక్కన కదులుతాయో కూడా తెలుసు. కాకినాడలో పెరిగి, న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన సుజాత గిడ్ల తన కుటుంబం కథను 'యాంట్స్ ఎమాంగ్ ఎలిఫెంట్స్' పేరుతో అచ్చేసింది 2017లోనే, ఒలేతా ఘటన జరిగిన ఏడాదే. అక్కడ మన చర్మం రంగు మీద జరిగిన దాడిని లోకమంతా వినాలన్నాం. మన భాషలోనే పుట్టిన మనిషి తన పుట్టుక మీద జరిగిన దాడిని చెబితే పరువు తీసిందన్నాం.

2023 సెప్టెంబరు అయితే మన కపటానికి ఒక అద్దం. ఆ ఏడాది జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి చనిపోయింది. ఆ మరణం గురించి ఫోన్లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి మాట్లాడిన వీడియో సెప్టెంబరులో బయటపడింది. మన రక్తం ఉడికింది. ఉడకాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎస్‌బీ 403 రెండు సభల్లో నెగ్గి గవర్నర్ బల్ల మీద ఉంది. ఒక మనిషి పుట్టుకను బట్టి విలువ కట్టకూడదని ఒక చేత్తో రాస్తూ, అదే మాట చెప్పే బిల్లును తిప్పికొట్టమని రెండో చేత్తో రాశాం. అక్టోబరు 7న గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. ఉన్న చట్టాల్లోనే ఈ రక్షణ ఉందన్నది ఆయన చెప్పిన కారణం. మనం స్వీట్లు పంచుకున్నాం. ఉన్న చట్టంలోనే కులవివక్ష నేరమైతే, మనం గెలిచిందేమిటో ఎవరూ ఆగి ఆలోచించలేదు.

ఆ బిల్లు మీద వచ్చిన అభ్యంతరాల్లో ఒకదానికి జవాబు చెప్పాలి. కులం పేరు రాస్తే ప్రతి భారతీయుణ్నీ అనుమానంగా చూస్తారన్నారు. చట్టంలో జాతి అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి తెల్లవాణ్నీ నేరస్థుడిగా చూడటం లేదు, ఒలేతా హంతకుణ్ని మాత్రమే చూశారు. ఆడ, మగ అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి మగవాణ్నీ కోర్టుకు ఈడ్వడం లేదు. వేధించే ఉద్దేశం లేనివాడికి వేధింపును నిషేధించే చట్టంతో పోయేదేమీ లేదు. మనకు పోతుందనిపించింది ఒక్కటే. ఎవరు ఎవరో ఒక్క ప్రశ్నతో కనిపెట్టి, మాట మర్యాదలు దానికి తగ్గట్టు సర్దుకునే వెసులుబాటు. దాన్నే సంస్కృతి అని పిలిచి కాపాడుకోవాలనుకున్నాం.

ఇప్పుడేం చేయాలన్నది తెలియని సంగతేమీ కాదు. ఉన్న చట్టంలోని నాలుగో సెక్షన్‌ను నిద్ర లేపాలని, ప్రత్యేక కోర్టులు పేరుకు కాకుండా గడువులోగా తీర్పిచ్చేలా జడ్జీలు, ప్రాసిక్యూటర్లు కావాలని, మతం మార్చినంత మాత్రాన రక్షణ పోకూడదని, అద్దె ఇంట్లో, ప్రైవేటు ఉద్యోగంలో వివక్షకు సమగ్ర చట్టం రావాలని దళిత సంఘాలు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి. ఆ వినతిపత్రాల మీద మన సంతకాలు లేవు. అవి ముందు పెట్టాలి. విదేశాల్లోని తెలుగు సంఘాలు ఏ ప్రభుత్వమో చెప్పేదాకా ఆగక్కర్లేదు. తమ నియమావళిలో కులవివక్ష నిషిద్ధమని ఒక వాక్యం, దాని మీద ఫిర్యాదు వినే ఒక కమిటీ వచ్చే సర్వసభ్య సమావేశంలోనే పెట్టుకోవచ్చు. సంపాదకులు ఇరువర్గాల ఘర్షణ అన్న శీర్షికను ఇవాళే మానేయొచ్చు. దానికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదు.

అన్నిటికన్నా తేలికైనదీ, అందుకే మనం అన్నిటికన్నా ఎక్కువగా ఎగ్గొట్టిందీ సాక్ష్యం. సవరించిన చట్టం సాక్షికి రక్షణ ఇస్తానంటోంది, రాకపోకల ఖర్చు ఇస్తానంటోంది, విచారణ వీడియో తీయిస్తానంటోంది. దళిత సాక్షి ఊరి కోపాన్ని, కూలి నష్టాన్ని తట్టుకుని ఇప్పటికే బోను ఎక్కుతున్నాడు. చుండూరులో ఎక్కారు, వెంకటాయపాలెం కేసులో ఏళ్ల తరబడి తిరిగారు. ఆ బోనులో ఇన్నాళ్లూ కనిపించనిది మనం. మన బావ మీద, మన మేనేజరు మీద, మన అపార్ట్‌మెంట్ అధ్యక్షుడి మీద కేసు వచ్చిన రోజున సమన్లు తీసుకుని, వాయిదాకు వెళ్లి, చూసింది చూసినట్టు చెప్పాలి. పెళ్లిళ్లలో పక్కన కూర్చోవడం మానేస్తారు, పోనీయండి. ఆ పని ఒక్కసారైనా చేయనంతవరకూ దుర్వినియోగం అన్న మాట ఎత్తే అర్హత మనకు లేదు, ఆత్మవిమర్శ అన్న మాట ఎత్తే అర్హత అసలే లేదు.